రంపానికీ సెట్టు మార్చాల్సిందే



చెట్లు కోసే పెట్రోలు రంపంలో చైను, అది జారే బారు, దాన్ని లాగే స్ప్రాకెట్ కలిసే అరుగుతాయి. మార్చేటప్పుడు మాత్రం చైను ఒక్కటే మారుతుంది. బైకుకు చైను-స్ప్రాకెట్ సెట్టు మొత్తం వేయించుకునేవారు కూడా రంపం దగ్గరికొచ్చేసరికి చైనుతో సరిపెడతారు. ఆ కొత్త చైను తొందరగా సాగిపోతే సరుకు నాసిరకమంటారు. చాలాసార్లు తప్పు పాత స్ప్రాకెట్‌ది.

కొత్త చైను అడుగున ఉండే లింకుల మధ్య దూరం అంతటా ఒకటే. స్ప్రాకెట్‌కు గాడి పడితే ఆ దూరం కుదరదు. లింకులు సరిగా కూర్చోక, రివిట్ల మీద భారం పడి, కొత్త చైను మొదటి రోజు నుంచే సాగుతుంది. గాడి అర మిల్లీమీటరు లోతుకు చేరితే స్ప్రాకెట్ పని అయిపోయినట్టే. రెండు చైన్లకు ఒక స్ప్రాకెట్ అన్నది మెకానిక్‌లలో పాత లెక్క. అయినా స్ప్రాకెట్‌ను ఎవరూ చూడరు, ఎందుకంటే చాలా రంపాల్లో క్లచ్ విప్పితే గానీ అది బయటికి రాదు. క్లచ్‌కు సాధారణంగా ఎడమ మర ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. మామూలు నట్టు అనుకుని బలం చూపిస్తే మరింత బిగుసుకుంటుంది.

కోత తగ్గినప్పుడు ముందు చూడాల్సింది ఇంజిన్‌ను కాదు, పొట్టును. పదునున్న చైను చెక్కను పెచ్చులుగా లేపుతుంది, మొద్దుబారినది పిండి రాలుస్తుంది. బారు కొస నేలకు తగిలినా, ఇసుక అంటిన మొద్దును కోసినా పదును నిమిషాల్లో పోతుంది. దానికి గుండ్రటి ఆకురాయి చాలు, కొత్త చైను అక్కర్లేదు. చైను సైజును బట్టి ఆకురాయి 4 నుంచి 5.5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ప్రతి పన్ను ముందూ ఉండే బొడిపె పంటి అంచు కన్నా సుమారు 0.65 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తులో ఉండాలి. త్వరగా తెగుతుందని దాన్ని ఇంకా అరగదీయడం ప్రమాదకరం. అలాంటి చైను చెక్కను పట్టేస్తుంది, బారు కొస దేనికైనా తగిలితే రంపం మనిషి మీదికే ఎగురుతుంది.

కోత ఒక పక్కకు వంగుతుంటే ఆ వైపు పళ్లు, ఈ వైపు పళ్లు సమానంగా ఉన్నాయో లేదో కొలవాలి. సమానంగానే ఉంటే లోపం బారుది. దాని గాడి గోడలు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అరిగి ఉంటాయి. చైను మార్చిన ప్రతిసారీ బారును తిరగేసి బిగించి, అంచున లేచిన ముళ్లను ఆకురాయితో తీసేస్తే ఈ లోపం చాలాకాలం దరిచేరదు. గాడి వెడల్పై చైను అటూ ఇటూ ఊగుతుంటే మాత్రం బారు మార్చాల్సిందే.

పదును ఉండగానే బారు పొగలు కక్కితే ఆయిల్ అందడం లేదని అర్థం. పొట్టుతో పూడిన ఆయిల్ రంధ్రాన్ని శుభ్రం చేస్తే ఎక్కువసార్లు సరిపోతుంది. డబ్బు మిగులుతుందని కాలిన ఇంజిన్ ఆయిల్ పోసే అలవాటు ఉంది. అందులోని లోహపు రజను పంపునూ, బారునూ కలిపి తినేస్తుంది కనుక మిగిలేదేమీ లేదు.

యాక్సిలరేటర్ వదిలేశాక కూడా చైను తిరుగుతుంటే ఐడిల్ వేగం ఎక్కువై ఉండాలి, లేదా క్లచ్ స్ప్రింగు సాగి ఉండాలి. అది సరిచేసే వరకు ఆ రంపాన్ని ఎవరి చేతికీ ఇవ్వకూడదు. చైను బ్రేకు పట్టకపోయినా అంతే.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు ఉత్తరాంధ్రలో ఎన్ని చెట్లను కూల్చాయో అందరూ చూశారు. అలాంటి రోజుల కోసం రంపాలు కొనే పురపాలక సంఘాలు, పంచాయతీలు రంపం ధరను మాత్రమే టెండరులో అడిగితే చాలదు. ఒక్కో రంపానికి నాలుగు చైన్లు, రెండు స్ప్రాకెట్లు, ఒక అదనపు బారు, ఆకురాళ్లు కూడా అదే కొనుగోలులో ఉండాలి. తుపాను మర్నాడు వాటి కోసం దుకాణానికి వెళదామన్నా దారి ఉండదు.

— ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా