ముందు కలుపు తీయండి బాబూ!

ఓపెన్ సోర్సులో కొత్త ఫీచరు ప్యాచ్ పంపితే రివ్యూకి ఎగబడతారు. పాత కోడు శుభ్రం చేసిన ప్యాచ్ పంపి చూడండి... నెలల తరబడి పలికే దిక్కుండదు. "పనిచేస్తోంది కదా, ఎందుకు కెలకడం?" అంటారు!

ఓపెన్‌ఎస్ఎస్ఎల్ సంగతి మర్చిపోయారా? హార్ట్‌బీట్ అనే కొత్త ఫీచరు రివ్యూ దాటుకుని 2012లో విడుదలైపోయింది. అందులో ఒక్క లెంగ్త్ చెక్ లేదు. సర్వరు మెమరీలోంచి పాస్‌వర్డులు లాగెయ్యొచ్చని 2014లో గానీ బయటపడలేదు. అప్పుడు ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు ఆ కోడునే లిబ్రెఎస్ఎస్ఎల్‌గా విడదీసి, మొదటి వారంలోనే 90,000 లైన్లకి పైగా పీకేశారు. అంత చెత్త మధ్య రివ్యూ చేసేవాడికి తప్పెలా ఆనుతుందండీ?

మా జహీరాబాద్ చెరకు రైతునడగండి, కలుపు తీయకుండా ఎరువేస్తే ముందు బలిసేది కలుపే అంటాడు. క్లీనప్ ప్యాచ్‌లు ముందు చూడండి. ఫీచరు నాలుగు రోజులాగితే కొంపలేం మునగవు.