ఇల్లు – ఇల్లాలు – ఆరోగ్యం

ఒక దేశంలో జనసంఖ్య పెరగడానికి, తరగడానికి కారణాలను మనం సాధారణంగా కరవుల్లో, యుద్ధాల్లో, అంటువ్యాధుల్లో వెదకుతాం. అవి కారణాలే, కాదనలేం. అయితే వాటికంటె నిశ్శబ్దంగా, నిత్యమూ పనిచేసే శక్తి ఇంకొకటి ఉంది. అది కుటుంబం. ఆడపిల్లకు ఏ వయసులో పెళ్లి చేశారు, ఎంతవరకు చదివించారు, ఇంట్లో ఆమె వంతు భోజనం ఎంత అనే విషయాలు తరతరాల జననమరణాలపై తమ ముద్ర వేస్తాయి.

1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' నాటకానికి ఆంగ్లంలో రాసిన పీఠికలో గురజాడ అప్పారావు ఒక లెక్క ఇచ్చారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల జాబితాను విజయనగరం మహారాజు తయారుచేయించగా వాటి సంఖ్య 1034 అని తేలింది. ఆ వధువుల్లో 99 మందికి అయిదేళ్లు. ముగ్గురికి ఏడాది వయసు మాత్రమే! అటువంటి పెళ్లిళ్ల పర్యవసానం రెండు విధాలు. భర్త మరణిస్తే బాల్యంలోనే వైధవ్యం, లేకుంటే శరీరం ఎదగకముందే మాతృత్వం. తానే ఇంకా ఎదుగుతున్న తల్లి కడుపున బిడ్డకు పోషణ చాలదు. అటువంటి బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. మొదటి పుట్టినరోజు చూడకుండా కన్నుమూసే ప్రమాదమూ ఎక్కువే.

1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల కనీస వివాహ వయసును 14 ఏళ్లుగా నిర్ణయించింది. 1978లో అది 18కి పెరిగింది. చట్టం మారినంత వేగంగా ఇల్లు మారలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది.

దీనికంతటికీ పేదరికమే మూలమని కొందరి వాదన. అందులో కొంత సత్యం లేకపోలేదు. కాని 1970లలో కేరళ తలసరి ఆదాయం దేశ సగటుకంటె తక్కువే. అయినా అక్కడ శిశుమరణాలు తక్కువగా ఉండేవి. వైద్యశాలలు అందుబాటులో ఉండటం ఒక కారణం. చదువుకున్న తల్లులు వాటిని వినియోగించుకోవడం అంతకు తగ్గని కారణం.

మన రాష్ట్రాల కథ వేరు. పై సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటు సంతానం 1.7, తెలంగాణలో 1.8. కుటుంబం చిన్నదైంది. మరి ఇల్లాలి ఆరోగ్యం బాగుపడిందా? ఆంధ్రప్రదేశ్‌లో వివాహితులైన స్త్రీలలో దాదాపు 70 శాతం కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకున్నవారే. ఆ భారం పంచుకున్న పురుషులు నూటికి ఒక్కరైనా లేరు. రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా స్త్రీలు రక్తహీనతతో బాధపడుతున్నారు. అందరూ తిన్నాక మిగిలినదే ఇల్లాలి భోజనమనే ఆచారం ఎన్నో ఇళ్లలో నేటికీ ఉంది. చిన్న కుటుంబమైనంత మాత్రాన అది ఆరోగ్యవంతమైన కుటుంబం కాదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో తొలగించింది. యువజనుల సంఖ్య తగ్గుతున్నదన్న ఆందోళన వినవస్తున్నది. నిన్న తక్కువ కనమన్నారు, నేడు ఎక్కువ కనమంటున్నారు. కనవలసిన స్త్రీ ఆరోగ్యమేమిటి, ఇష్టమేమిటి అని రెండు సందర్భాల్లోనూ అడిగినవారు అరుదు.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఇల్లాలిని చూసి దేశాన్ని చూడమనడమే నేడు ఉచితం. విద్యార్థులారా! రేపటి కుటుంబాలు మీవి. చెల్లెలి చదువు ఆగకుండా చూడటం, అమ్మను అందరితోపాటు భోజనానికి కూర్చోబెట్టడం మీ చేతుల్లో ఉన్న పనులు. జనాభా లెక్కలు మారేది అక్కడినుంచే.