ఖబరును మళ్ళీ తవ్వించిన కేసు

2007 డిసెంబర్ 27న మన ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో 17 ఏళ్ళ ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. ఆ బిడ్డ పేరు మేమిక్కడ రాయడం లేదు. మన ఇళ్ళలో తెలియనిదెవరికి? 2008లో పోలీసులు ఒక పేద యువకుణ్ణి పట్టుకున్నారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్ళ యౌవనం జైల్లోనే కరిగిపోయింది.

అతను నేరస్థుడు కాడని పోరాడింది ఎవరనుకున్నారు? ఆ బిడ్డ తల్లే! కడుపుకోతలో ఉండి కూడా, దొరికినవాణ్ణి వదలమనడం సామాన్యమా?

న్యూయార్క్‌లో 1992లో మొదలైన ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ డీఎన్ఏ పరీక్షలతో ఎందరో నిర్దోషులను విడిపించింది. ఒత్తిడితో చెప్పించిన నేరాంగీకారాలు ఎంత ప్రమాదకరమో పరిశోధకులకు అలాగే తెలిసింది. కానీ పరీక్షకు ఆధారం మిగలాలి కదా! ఈ కేసు వస్తువులు కోర్టులోనే ధ్వంసమయ్యాయి. 2018లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. 2019 డిసెంబర్లో తెనాలిలో ఖబరు తవ్వి ఎముకల నమూనాలు తీశారు. మట్టిలో కలిసిన బిడ్డను మళ్ళీ పైకి తీయడానికి ఒప్పుకున్న తల్లిదండ్రులకు ఒక్క జవాబైనా రావాలి: ఆ వస్తువులను ఎవరు, ఎవరి అనుమతితో ధ్వంసం చేశారు?