ఎత్తెక్కే ట్రైలర్‌.. ఎవరికీ కనిపించని సెగ

* సాలూరు ఘాట్‌లో భారీ వాహనాల ఇంజిన్లకు ముప్పు
* పెద్ద గేరుతో ఆదా అనుకుంటే అసలుకే మోసం

సాలూరు: లారీ పరిశ్రమకు పేరుగాంచిన సాలూరులో ఎన్నో కుటుంబాలకు వాహనమే జీవనాధారం. పట్టణం దాటిన తరువాత 26వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 43) సుంకి మీదుగా కొండలెక్కి, సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉన్న కొరాపుట్‌కు చేరుతుంది. ఈ దారి మలుపుల్లో పొంచి ఉన్న ప్రమాదం అందరికీ తెలిసిందే. భారీ ట్రైలర్‌ను లాగే ఇంజిన్‌ నుంచి వెలువడే వాయువుల వేడి చేసే నష్టం మాత్రం మరమ్మతు బిల్లు చేతికి వచ్చేదాకా యజమానికి తెలియడం లేదు.

భారం ఎంత?

సరుకుతో కలిపి 40 టన్నులున్న వాహనం ప్రతి 20 మీటర్లకు ఒక మీటరు ఎత్తు పెరిగే దారిలో గంటకు 20 కి.మీ. వేగంతో సాగాలంటే చక్రాల వద్ద దాదాపు 170 అశ్వశక్తి అవసరం. అదే 30 కి.మీ. వేగానికి సుమారు 255 అశ్వశక్తి కావాలి. పాత లారీల్లో చాలావాటికి అంత శక్తే లేదు. కేంద్రం 2018 జులైలో ఒక్కో యాక్సిల్‌పై అనుమతించే బరువును పెంచింది. నాలుగు టైర్ల యాక్సిల్‌కు 10.2 టన్నులుగా ఉన్న పరిమితి 11.5 టన్నులైంది. బరువు పెరిగినా ఘాట్‌ ఏటవాలు తగ్గలేదు.

వేడి ఎక్కడిది?

సిలిండర్‌లోకి వచ్చే గాలికి మించి డీజిల్‌ పడినప్పుడు బయటకు వచ్చే వాయువుల ఉష్ణోగ్రత పెరుగుతుంది. చదును దారిలో టర్బోకు ముందు ఇది సాధారణంగా 300 నుంచి 450 డిగ్రీల సెల్సియస్‌ మధ్య ఉంటుంది. నిండు బరువుతో ఎత్తెక్కేటప్పుడు 600 దాటుతుంది. 700 డిగ్రీలకు పైబడి ఎక్కువసేపు కొనసాగితే చాలా ఇంజిన్లకు ప్రమాదమే. అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. కింది నుంచి చిమ్మే నూనె పిస్టన్‌ను చల్లబరుస్తున్నా, సెగ ఆగకుండా తగిలితే పిస్టన్‌ అంచులు, వాల్వులు, టర్బో దెబ్బతింటాయి.

డ్రైవరు ఎదుట ఉండే సూచిక నీటి వేడిని మాత్రమే చూపుతుంది. వాయువుల వేడి క్షణాల్లో పెరిగితే నీరు వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది. ముల్లు ఎరుపు గీతను తాకకపోయినా లోపల నష్టం మొదలై ఉండవచ్చు.

గేరు మార్చడమే మందు

పెద్ద గేరులో సాగితే డీజిల్‌ మిగులుతుందన్న నమ్మకం డ్రైవర్లలో బలంగా ఉంది. చదును దారిలో అది కొంత నిజమే. ఘాట్‌లో ఇంజిన్‌ మూలుగుతున్నా అదే గేరులో యాక్సిలరేటర్‌ అదిమితే టర్బో తగినంత గాలి అందించలేదు, డీజిల్‌ మాత్రం పూర్తిగా పడుతుంది. ఎత్తు మొదలుకాక ముందే చిన్న గేరుకు దిగి, యాక్సిలరేటర్‌ను కొంత వదిలితే ఇంజిన్‌ వేగంగా తిరుగుతుంది. గాలి, నీరు, నూనె ప్రవాహాలు పెరిగి సెగ తగ్గుతుంది. ఎక్కడానికి పట్టే సమయం కొద్దిగా పెరుగుతుంది, అంతే.

గాలి ఫిల్టర్‌ దుమ్ముతో పూడుకుపోయినా, ఇంటర్‌కూలర్‌ గొట్టం చిన్నగా లీకైనా ఇదే ముప్పు. ఘాట్‌ ఎక్కి ఆగిన వెంటనే ఇంజిన్‌ ఆపితే టర్బోలో నిలిచిన నూనె మాడి మసి కడుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు ఖాళీగా తిరగనిచ్చి ఆపడం మేలు.

కొత్త వాహనాల్లో మరో చిక్కు

పాత లారీ నల్లటి పొగ వదిలితే డీజిల్‌ ఎక్కువైందని డ్రైవరు గ్రహించేవాడు. 2020 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్‌-6 వాహనాల్లో మసిని వడపోత పరికరం పట్టేస్తుంది. ఆ విధంగా కంటికి కనిపించే హెచ్చరిక కూడా పోయింది. పరికరంలో పేరుకున్న మసిని కాల్చే సమయంలో అక్కడి వేడి 600 డిగ్రీల దాకా చేరుతుంది కాబట్టి ఎండుగడ్డిపై వాహనం నిలపరాదు. ప్రమాదం పసిగట్టిన కంప్యూటర్‌ ఇంజిన్‌ శక్తిని తగ్గిస్తే, దానిని లోపంగా భావించి వ్యవస్థను మార్పించడం రక్షణను చేజేతులా తీసేయడమే.

లెక్క మారాలి

టర్బోకు ముందు అమర్చే ఉష్ణమాపకం డ్రైవరుకు దారి చూపుతుంది. అయితే పరికరం ఒక్కటే చాలదు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటల్లో చేరావు అన్న రెండు ప్రశ్నలతోనే పనితీరును కొలిస్తే ఏ డ్రైవరూ చిన్న గేరుకు దిగడు. ఘాట్‌ దారికి డీజిల్‌, సమయం లెక్కలను యజమానులు విడిగా కట్టాలి. ఇంజిన్‌ విప్పితే మరమ్మతు ఖర్చుతో పోదు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ కిరాయి ఉండదు, ఫైనాన్స్‌ వాయిదా మాత్రం ఆగదు. కొండపై ఆదా చేసిన నాలుగు లీటర్ల డీజిల్‌ ఆ నష్టాన్ని ఏనాటికీ పూడ్చలేదు.