మైకులో ధైర్యం, మనిషి ముందు బెరుకు

ఎల్‌ఐసీ ఏజెంటుకి మొహమాటం పనికిరాదు. పెళ్లయి ఏడాది తిరగని కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని "రేపు నీకేదన్నా అయితే అమ్మాయి గతేంటి?" అని అడగటమే నా వృత్తి. తెలియని గుమ్మం ఎక్కడానికి నేనెన్నడూ జంకలేదు. అదే రోజూ కనపడే మనిషితో యేసు ప్రభువు గురించి ఒక్క ముక్క చెప్పాలంటే మాత్రం నోరు పిడచకట్టుకుపోతుంది. ఒంగోలులో నాలాంటి క్రైస్తవులు బోలెడుమంది. ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్పమంటే అయ్యగారు గడియారం చూసుకునేదాకా మైకు వదలరు. సోమవారం ఆఫీసులో పక్క సీటాయన "మీ ప్రార్థనల్లో ఏం చేస్తారండీ?" అని మామూలుగా అడిగితే నవ్వేసి ఫైల్లో తల దూరుస్తారు.

ఈ బెరుకు ఊరికే రాలేదు. మన దగ్గర యేసు పేరెత్తితే ఎదుటివాడి ఆలోచన ముందు మన పేట మీదికి పోతుంది. "ఓహో, మీరు ఫలానావాళ్లా" అని నోటితో అనరు, కళ్లతో అంటారు. దానికి కాగితాల భయం తోడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు గాని క్రైస్తవుల్ని చేర్చలేదు. మతం మారిన ఎస్సీకి ఇక్కడ మిగిలేది బీసీ-సీ కింద ఒక్క శాతం. పిల్లల సీట్లు ఆ సర్టిఫికెట్ మీద ఆధారపడ్డ ఇంట్లో మనిషి తన విశ్వాసం గురించి గొంతు తగ్గించి మాట్లాడితే పిరికివాడని నేను తీసిపారేయలేను.

ఇక మతం మార్చడానికొచ్చాడన్న అనుమానం ఒకటి. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, చెప్పుకునే హక్కు ఉంది గాని ఎదుటివాణ్ణి మార్చే హక్కు అందులో లేదని తేల్చింది. మా పెద్దలకు ఆ తీర్పంటే గిట్టదు. లాయర్లు ఏమన్నా వాదించుకోనీ, ఇద్దరు పరిచయస్తుల మధ్య ఆ గీత ఉండటమే మంచిదంటాను. చెప్పటం వరకే నా వంతు. ఆ తర్వాత సంగతి ఆయనా దేవుడూ చూసుకుంటారు. ఆ బరువు నాది కాదనుకుంటే బెరుకు సగం దిగుతుంది.

మా ఊరి చరిత్ర కూడా ఇదే చెబుతుంది, మేం సరిగ్గా చదువుకుంటే. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని మా సండే స్కూలు పిల్లలు సైతం గడగడా అప్పజెబుతారు. అంతకు పన్నెండేళ్ల ముందు బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య సంగతి అడగండి, తడుముకుంటారు. తాళ్లకొండపాడు మాదిగ ఆయన, తోళ్ల వ్యాపారి. సరుకు కోసం తిరిగిన ఊళ్లలో, తన చుట్టపక్కాల ఇళ్లలో కూర్చుని చెప్పాడు. అప్పటి మిషనరీ క్లౌ దొర సంగతి ఇంకా ముఖ్యం. కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఫీజు కట్టి, బియ్యం మూట ఇచ్చి, ఆ పక్కనే వాక్యం ఎత్తుకునే ఈనాటి దైవజనులు కొందరు ఆ నెలల గురించి కాస్త చదవాలి.

మా వీధి మొదట్లో మెడికల్ షాపు ఉంది. దాని యజమానితో నాది పాత పరిచయం, పాలసీ కూడా నా దగ్గరే. మా అబ్బాయికి ఆపరేషన్ జరిగిన వారం రోజూ మందులు ఆయన దగ్గరే కొన్నాను. తర్వాత ఓ సాయంత్రం బేరాల్లేని వేళ అడిగాడు: "అంత నిబ్బరంగా ఎట్టా ఉండావు సార్? నేనైతే పడిపోయేవాణ్ణి."

గుండె దడదడలాడింది. అయినా చెప్పాను. నిబ్బరం నాది కాదని, థియేటర్ బయట బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నానని, యేసు నా పక్కనే ఉన్నాడని నమ్ముతానని. అంతే, నాలుగు ముక్కలు.

ఆయన మాత్రల షీటు కత్తిరిస్తూ కాసేపు మాట్లాడలేదు. "ఇందులో కూడా ప్రీమియం ఉందా సార్?" అన్నాడు చివరికి. ఇద్దరం నవ్వుకున్నాం. "మా ఆవిడ ప్రతి ఫిబ్రవరీ గుణదల మేరీమాత తిరనాళ్లకి పోతది. అట్టాగని మేం మతం మారాలా ఏంది?"

"మారమన్లేదయ్యా. అడిగావు, చెప్పాను."

"అయితే నా అయ్యప్ప మాల సంగతి కూడా వినాలి."

విన్నాను. నలభై ఒక్క రోజుల దీక్ష, చన్నీళ్ల స్నానాలు, మొదటిసారి ఇరుముడి నెత్తినెట్టుకున్నప్పుడు వచ్చిన ఏడుపు, షాపు మూసేదాకా చెప్పాడు. ఆయన ఈనాటికీ మాల వేస్తాడు. మా అబ్బాయికి చెకప్ ఉందంటే "ప్రార్థన చేసుకున్నావా సార్?" అని ఆయనే గుర్తుచేస్తాడు.

వినటం చేతగానివాడు సువార్త జోలికి పోకపోవటమే మేలు. ఎదుటివాళ్ల దేవుణ్ణి రాయి అనేవాడు, ఆసుపత్రి మంచం మీద కదల్లేని రోగికి కరపత్రం అందించేవాడు, గుడి మెట్ల దగ్గర కాపు కాసేవాడు చేసేదాన్ని ధైర్యం అనను. ప్రార్థనా స్థలాల్లో అన్యమత ప్రచారం కూడదని 2007లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టమే చేయాల్సి వచ్చింది. మర్యాద ఎరిగినవాడికి ఆ చట్టంతో పనిలేదు. అడిగినవాడికి కూడా చెప్పకుండా తప్పించుకోవటం మాత్రం మర్యాద కాదు. ఆయన నన్ను మనిషిగా ఎంచి అడిగాడు. నేను దాచుకుంటే ఆయన్ను పరాయివాణ్ణి చేసినట్టే.

మాకు చేతనైంది మైకొకటే. తెల్లవారుజామున హారన్ పెట్టి ఊరంతా వినపడేలా వాక్యం వేస్తాం. పరీక్షలకు చదువుకునే పిల్లలు, నైట్ డ్యూటీ చేసి పడుకున్న నర్సులు తిట్టుకుంటారు. వాళ్లలో ఒక్కరి పేరైనా మాకు తెలియదు. ఈ క్రిస్మస్‌కి మా సంఘంలో కొత్త స్పీకర్లకు చందాలు వసూలు చేస్తున్నారు. నేను ఇవ్వనని కమిటీలో చెప్పేశాను. అయ్యగారు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.