బొమ్మగా రావచ్చు, బొమ్మ గీయడానికి రాకూడదా?

18వ శతాబ్దపు ఫ్రాన్సులో రాజులూ ప్రభువులూ ముచ్చటపడి పోషించిన కళాశైలి రొకోకో. మబ్బులు, గులాబీలు, పట్టుపరుపులు, వాటి మధ్య నున్నటి స్త్రీ శరీరం. ఎరుపు, నలుపు, తెలుపు సుద్దలతో ఆ శరీరాన్ని గీయడంలో ఫ్రాన్స్వా బూషే ఆరితేరినవాడు. 1752లో అతను చిత్రించిన, సోఫా మీద బోర్లా పడుకున్న నగ్న బాలిక మరీ లూయీజ్ ఓ మర్ఫీ అని చాలామంది అంటారు. అదే నిజమైతే అప్పటికామెకు 15 ఏళ్లు నిండీ నిండని వయసు. ఆ రోజుల్లోనే ఆమెను 15వ లూయీ రాజు ఉంపుడుగత్తెను చేసుకున్నాడు. దీన్ని లాలిత్యం అని మెచ్చుకోవాలట!

మన అభ్యంతరం నగ్నత్వం మీద కాదు. నీతి దిగజారిందని బూషేని దిదరో ఆనాడే దుయ్యబట్టాడు. ఆ నీతిబోధ మనకక్కర్లేదు. సుద్దముక్క ఎవరి చేతిలో ఉందన్నదే మన ప్రశ్న.

1648లో స్థాపించిన రాచ అకాడమీలో నగ్నంగా నిలబడిన పురుష మోడల్‌ని చూసి గీయడమే చదువుకి పునాది. ఆ తరగతిలోకి స్త్రీలకు ప్రవేశం లేదు. సభ్యత్వం దక్కిన స్త్రీలకు కూడా లేదు. మర్యాద అడ్డొచ్చిందట! ఆడపిల్లను బట్టల్లేకుండా పడుకోబెట్టినప్పుడు గుర్తురాని మర్యాద, ఆమె గీస్తానంటే గుర్తొచ్చింది. ఆ శిక్షణ లేనిదే పురాణ, చారిత్రక చిత్రాలు వేయడం కష్టం. పెద్ద గౌరవాలన్నీ వాటికే. స్త్రీలకు మిగిలినవి ముఖచిత్రాలు, పూలు, పండ్లు. ఆపైన "ఆడవాళ్లకు చేతనైంది అంతే" అనే తీర్పు!

1770లో అకాడమీ స్త్రీ సభ్యులు నలుగురికి మించరాదంది. దీన్ని రిజర్వేషన్ అనుకోకండి. రిజర్వేషన్ 'ఇంతకు తగ్గకూడదు' అంటుంది. ఇది 'ఇంతకు మించకూడదు' అంది. 1783లో ఎలిజబెత్ విజే లెబ్రన్, అదలాయీద్ లబీ గియార్ చేరడంతో ఆ నాలుగు స్థానాలూ నిండాయి. వాళ్ల చిత్రాల వెనక మగవాళ్ల చెయ్యి ఉందని పుకార్లు పుట్టించారు. లబీ గియార్ జంకలేదు. 1785లో వేసిన స్వీయచిత్రంలో తన వెనక ఇద్దరు శిష్యురాళ్లను నిలబెట్టింది. 1790లో ఆ పరిమితిని ఎత్తేయాలని అకాడమీలోనే వాదించింది. విప్లవం రాచరికాన్ని కూల్చింది గానీ, పారిస్ ప్రభుత్వ కళాశాల స్త్రీలకు తలుపు తెరిచింది 1897లో మాత్రమే.

గొప్ప చిత్రకారిణులు ఎందుకు లేరన్న ప్రశ్నకు 1971లో లిండా నాక్లిన్ జవాబు చెప్పింది. లోపం స్త్రీల ప్రతిభలో లేదు, సంస్థల్లో, చదువులో ఉందని. "అర్హులైన స్త్రీలు దొరకడం లేదు" అని ఏ కమిటీలో ఎవరన్నా మనం ఎదురు ప్రశ్న వేయాలి: నేర్చుకునే గదికి తాళం వేసిందెవరు?