రిపోర్ట్‌బగ్‌ను విడుదల రోజే అప్‌డేట్ చేయాలి!

కర్నూలు, కడప జిల్లాల విద్యార్థులకు, ల్యాబ్ ఇన్‌ఛార్జులకు, డెబియన్ మెయింటెయినర్లకు

పోయిన నెల కర్నూలులో ఒక కాలేజీ ల్యాబ్‌లో ఒక అమ్మాయి, తెలుగు ఒత్తులు చెదిరిపోతున్నాయని డెబియన్‌కు బగ్ రాయబోయింది. మెషీన్‌లో ఉన్నది డెబియన్ 11. బగ్‌లు పంపే పనిముట్టు రిపోర్ట్‌బగ్ లెక్కలో మాత్రం ఆ 11 ఇంకా విడుదలే కాలేదు, టెస్టింగ్‌లోనే ఉంది! ఆ పిల్ల తానే ఏదో తప్పు చేశానని భయపడి మూసేసింది.

తప్పెవరిదో వినండి. డెబియన్ 11 బుల్స్‌ఐ 2021 ఆగస్టు 14న విడుదలైంది. విడుదలయ్యే రోజు నిన్నటి టెస్టింగ్ స్టేబుల్ అవుతుంది, నిన్నటి స్టేబుల్ ఓల్డ్‌స్టేబుల్ అవుతుంది. దాదాపు రెండేళ్లకోసారి జరిగే ఈ మార్పు అందరికీ ముందే తెలుసు. అయినా విడుదలకు ముందు మార్పులు ఆపే ఫ్రీజ్ పేరుతో రిపోర్ట్‌బగ్‌ను పాత పేర్లతోనే బిగించి డీవీడీలోకి ఎక్కించారు. పేర్లు సరిచేసిన ప్యాకేజీ మొదటి పాయింట్ విడుదల 11.1తో గానీ స్టేబుల్‌లో చేరలేదు. అది అక్టోబరు 9. ఎనిమిది వారాలు! కొత్త విడుదలను జనం మొదటిసారి వాడి చూసే వారాలే అవి.

మన ల్యాబుల్లోనైతే ఆ ఎనిమిది వారాలు ఇప్పటికీ గడవలేదు. నెట్ లేకుండా డీవీడీతో ఇన్‌స్టాల్ చేసి, నెట్ మిర్రర్ వాడాలా అని అడిగినచోట వద్దని నొక్కేస్తే అప్‌డేట్లు తెచ్చే వరుస సోర్సెస్ లిస్టులో పనిచేసేలా ఉండదు. బోరు చెడితే చెప్పుకోవాల్సిన నంబరు మారిపోయినా గోడమీద పాతదే ఉన్నట్టుంది మన గతి.

స్టేబుల్‌ను కదపకూడదట! మరి సమయ మండలాల టీజెడ్‌డేటా, వైరస్‌లు పట్టే క్లామ్‌ఏవీ ఎలా కదులుతున్నాయి? పాయింట్ విడుదల దాకా ఆగకుండా స్టేబుల్-అప్‌డేట్స్ దారిలో వచ్చేస్తున్నాయి. ఆ దారి 2011 నుంచీ ఉంది. గడియారాలు సరిచేయడానికి తెరిచిన దారి ఫిర్యాదు చెప్పుకోవడానికి ఎందుకు తెరవరు? నేరుగా మెయిల్ రాసుకోమనే వాళ్లకు ఒకటే మాట: వెర్షన్, డిపెండెన్సీల వివరాలు పోగుచేసి జతపరచడానికే కదా ఈ పనిముట్టు ఉన్నది!

సమస్యలను దాచబోమని 1997లో డెబియన్ తన సామాజిక ఒప్పందంలో రాసుకుంది. బగ్‌ల చిట్టా అందరికీ తెరిచిపెట్టి, చెప్పే మనిషి చేతికి పాతబడిన పనిముట్టు ఇవ్వడం దాచడమే.

మెయింటెయినర్లు తర్వాతి డెబియన్ ఫోర్కీ విడుదల రోజే సరిచేసిన రిపోర్ట్‌బగ్‌ను స్టేబుల్-అప్‌డేట్స్‌లో పెట్టాలి. పాయింట్ విడుదల దాకా ఆగితే ఒప్పుకోం. ఇన్‌ఛార్జులు ఈ వారంలోనే ప్రతి మెషీన్‌లో సోర్సెస్ లిస్టు తెరిచి అప్‌డేట్లు తెచ్చే వరుస చేర్చాలి. ఆదోనిలోనైనా, పులివెందులలోనైనా నెట్ అందని ల్యాబుకు ప్యాకేజీని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఎక్కించాలి. విద్యార్థులారా, ఒత్తు చెదిరినా ప్రోగ్రాం కూలినా మూసేసి లేవకండి, రిపోర్టు పంపండి. తెలుగు చెదిరిందని తెలుగువాళ్లు చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?